చైనీస్, జపనీస్, కొరియన్ అక్షరాల్లో డొమైన్ పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

వెబ్‌సైట్లు కట్టేవాళ్లూ, టోక్యోలోనో సియోల్‌లోనో ఉద్యోగం చేస్తూ అక్కడి చిరునామాలు చూసి ఆశ్చర్యపోయినవాళ్లూ, లిపులంటే ఇష్టం ఉన్నవాళ్లూ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఆ లిపులు చదవడం రానివాళ్లకు కూడా అర్థం కావాలని అక్షరాల ఆకారాన్నీ అర్థాన్నీ తెలుగులోనే చెప్పాను.

డొమైన్ పేరులో ఇంగ్లీష్ అక్షరాలే ఉండాలంటారు కదా, మరి చైనా అక్షరం ఎలా పడుతోంది?

ఇంగ్లీష్ అక్షరాలు, 0 నుంచి 9 వరకు అంకెలు, హైఫన్. పేరును బట్టి సర్వర్ చిరునామా వెతికిపెట్టే డీఎన్‌ఎస్ అనే వ్యవస్థలో హోస్ట్ పేర్లకు (సైట్లు, సర్వర్ల పేర్లకు) మొదటి నుంచీ చెల్లుబాటు అయినవి ఇవే. చుక్కకూ చుక్కకూ మధ్య ఉండే ముక్కను లేబుల్ అంటారు. అది 63 అక్షరాలు దాటకూడదు. ఈ నియమాలు ఇప్పటికీ మారలేదు. మీరు బ్రౌజర్‌లో చైనీస్ పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టగానే, సర్వర్‌ను అడగడానికి ముందే బ్రౌజర్ ఆ పేరును ఇంగ్లీష్ అక్షరాలు, అంకెల వరుసగా మార్చేస్తుంది. డీఎన్‌ఎస్‌కు చేరేది ఆ మారిన రూపమే.

ఆ మార్పిడి పద్ధతి పేరు ప్యూనీకోడ్. ఆడమ్ కాస్టెల్లో రూపొందించిన ఈ పద్ధతి 2003 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 3492గా (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణాలను ప్రచురించే పత్రాలు) వెలువడింది. ఇలా మారిన లేబుల్ ప్రతిదీ 'ఎక్స్‌ఎన్' అనే రెండు అక్షరాలు, వాటి వెంట రెండు హైఫన్లతో మొదలవుతుంది. ఈ నాలుగూ పోగా అసలు పేరుకు 59 స్థానాలు మిగులుతాయి.

ఒక పేరును మార్చి చూపిస్తారా?

జపనీస్ భాషకు జపనీస్‌లో పేరు 'నిహోంగో'. మూడు కంజి అక్షరాలు (చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన అక్షరాలు): సూర్యుడు, మూలం, భాష. ప్రపంచ లిపుల అక్షరాలకు ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో వాటి సంఖ్యలు వరుసగా 26085, 26412, 35486. ప్యూనీకోడ్‌లో ఈ పేరు 'ఎక్స్‌ఎన్--డబ్ల్యూజీవీ71ఎ119ఇ' అవుతుంది.

దాన్ని విడగొట్టి చూద్దాం. 'డబ్ల్యూజీవీ' సూర్యుడి అక్షరం, '71ఎ' మూలం, '119ఇ' భాష. ప్యూనీకోడ్ సంఖ్యలను ఉన్నవున్నట్టుగా రాయదు. ముందు వాటిని చిన్న నుంచి పెద్దకు పేర్చుకుంటుంది. తర్వాత ఒకదానికీ తర్వాతిదానికీ ఉన్న తేడాను, ఆ అక్షరం పేరులో ఏ స్థానంలో కూర్చోవాలన్న సమాచారాన్ని ఒకే సంఖ్యలో కలిపి, 26 అక్షరాలు, 10 అంకెలు కలిసిన 36 గుర్తులతో రాస్తుంది. మొదటి రెండు అక్షరాలకు మూడేసి గుర్తులు సరిపోయాయి. భాష అక్షరం దూరంగా ఉంది కాబట్టి దానికి నాలుగు పట్టాయి. దగ్గర దగ్గర సంఖ్యలున్న అక్షరాలైతే ఇంకా తక్కువలో సర్దుకుంటాయి. ఇరవై ఏళ్లు దాటినా దీన్ని మార్చాల్సిన అవసరం రాలేదంటే ఎంత పకడ్బందీగా తయారైందో చూడండి.

ఈ తిప్పలన్నీ ఎందుకు? యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8నే నేరుగా పెట్టేస్తే సరిపోయేది కదా?

డీఎన్‌ఎస్ ప్రోటోకాల్ ఏ బైట్‌నైనా మోయగలదు, అది నిజమే. కానీ దాని చుట్టూ అల్లుకున్న మెయిల్ సర్వర్లు, రూటర్లు, ఫైర్‌వాల్‌లు, రకరకాల ప్రోగ్రామ్‌లు పాత నియమాన్నే నమ్ముకుని రాసినవి. ప్రపంచంలో ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా ఒకే రోజు మారదు. అందుకే మార్పంతా వాడకందారు వైపు, అప్లికేషన్‌లో జరిగేలా పెట్టారు. మధ్యలో ఉన్న యంత్రాలకు ఏమీ తెలియనక్కర్లేదు.

ఇదంతా ఎప్పుడు మొదలైంది?

1996లోనే మార్టిన్ డ్యూర్స్ట్ ఒక ప్రతిపాదన రాశారు. 1998లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో తాన్ తిన్ వీ బృందం పనిచేసే నమూనా తయారుచేసింది. తమ లిపి కీబోర్డ్ మీద ఉండి కూడా అడ్రస్ బార్‌లో చెల్లకపోవడం అన్న బాధ ఆసియాలో ఎక్కువ కాబట్టి, పనిచేసే నమూనా ఇక్కడ తయారవడంలో ఆశ్చర్యం లేదు.

2000 నవంబర్‌లో వెరిసైన్ సంస్థ .కామ్ కింద చైనీస్, జపనీస్, కొరియన్ పేర్ల రిజిస్ట్రేషన్ తెరిచింది. అప్పటికి ప్యూనీకోడ్ లేదు, రేస్ అనే మరో పద్ధతి వాడారు. చైనా రిజిస్ట్రీ (పేర్ల నమోదును నడిపే సంస్థ) సీఎన్‌ఎన్‌ఐసీ కూడా ఆ ఏడాదే చైనీస్ పేర్లు మొదలుపెట్టింది. 2001లో .జేపీ కింద జపనీస్ పేర్లు, 2003లో .కేఆర్ కింద హంగుల్ (కొరియన్ లిపి) పేర్లు వచ్చాయి. పేర్లు అమ్ముడుపోయాయి గానీ బ్రౌజర్లు వెనకబడ్డాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా ఈ పేర్లను సొంతంగా అర్థం చేసుకోలేదు. అప్పటిదాకా ప్లగిన్ వేసుకుంటేనే పని.

చుక్క తర్వాతి భాగం, అంటే టాప్ లెవెల్ పేరు కూడా సొంత లిపిలో రావడానికి ఇంకా టైమ్ పట్టింది. 2007 అక్టోబర్‌లో డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ 11 ప్రయోగాత్మక పేర్లను రూట్‌లో, అంటే టాప్ లెవెల్ పేర్లన్నీ ఉండే జాబితాలో, పెట్టి పరీక్షించింది. సరళ చైనీస్, సంప్రదాయ చైనీస్, జపనీస్, కొరియన్‌తో పాటు మన దేశం నుంచి హిందీ, తమిళం అందులో ఉన్నాయి. 2009 అక్టోబర్ 30న సియోల్ సమావేశంలో దేశాల పేర్లకు అనుమతి ఇచ్చారు. 2010లో చైనా, తైవాన్, హాంకాంగ్ పేర్లు రూట్‌లో చేరాయి.

కోడింగ్ 2003లోనే తేలిపోతే ఇంకా కష్టం ఏముంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. అక్షరాన్ని అంకెగా మార్చడం ఇందులో చిన్న పని. అసలు చిక్కల్లా రెండు అక్షరాలను 'ఒకటే' అని ఎప్పుడు అనాలి అన్న దగ్గరే ఉంది. దానికి మూడు దేశాలూ మూడు జవాబులు చెబుతాయి, మూడూ సరైనవే.

ఇంగ్లీష్‌లో ఈ ప్రశ్న చాలా తేలిక. పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే అని డీఎన్‌ఎస్ మొదట్లోనే తీర్మానించుకుంది. చైనా 1950ల నుంచి వేల అక్షరాలను సరళం చేసింది. తైవాన్, హాంకాంగ్ పాత సంప్రదాయ రూపాలనే ఉంచుకున్నాయి. ఉదాహరణకు 'దేశం' అనే అక్షరానికి సరళ రూపంలో చదరం లోపల కొద్ది గీతలే, సంప్రదాయ రూపంలో చదరం నిండా గీతలు. చదివే చైనీయులకు రెండూ ఒకే మాట. యూనికోడ్‌లో మాత్రం రెండూ వేర్వేరు సంఖ్యలు, కాబట్టి డీఎన్‌ఎస్‌లో రెండూ వేర్వేరు పేర్లు. ఒక కంపెనీ సరళ రూపంలో పేరు తీసుకుంటే, అదే పేరు సంప్రదాయ రూపంలో ఇంకెవరో తీసుకుని అదే కంపెనీలా నటించవచ్చు. ఫాంట్ మారితే మోసపోయేంత పోలిక కూడా అక్కర్లేదు. చదివినవాళ్ల మనసులోనే అవి రెండూ ఒకటి.

అయితే ప్రోటోకాల్‌లోనే రెండింటినీ కలిపేస్తే? చైనీస్ ఇంజినీర్లు ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో అడిగింది అదే. కుదరలేదు, ఎందుకంటే ఈ సంబంధం ఒకటికి ఒకటిగా లేదు. తైపేలో ఒక సెలూన్ ఉందనుకోండి. దాని పేరులో జుట్టు అనే సంప్రదాయ అక్షరం ఉంటుంది. చైనాలో జుట్టుకు వాడే సరళ అక్షరాన్నే 'పంపడం, బయల్దేరడం' అనే ఇంకో సంప్రదాయ అక్షరానికి కూడా వాడతారు. అంటే రెండు పాత అక్షరాలు ఒక కొత్త అక్షరంలో కలిసిపోయాయి. సరళ రూపం నుంచి వెనక్కి రావాలంటే ఏ దారిన రావాలో యంత్రానికి తెలియదు. గుడ్డిగా మార్చితే సెలూన్ బోర్డు మీద 'జుట్టు' పోయి 'పంపడం' పడుతుంది.

దీనికి జపాన్‌ను కలపండి. చైనాలో 'యంత్రం' అనే అక్షరాన్ని సరళం చేసినప్పుడు వచ్చిన రూపం, జపాన్‌లో ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న 'బల్ల' అనే అక్షరం. అక్కడ బల్ల వేరు, యంత్రం వేరు. ఈ రెండు కంజిలూ ఒకటే అని డీఎన్‌ఎస్ తేల్చేస్తే, బల్లలు అమ్మే జపాన్ దుకాణదారుడి పేరు యంత్రాలు అమ్మేవాడి పేరుతో కలిసిపోతుంది. 'కళ' విషయంలోనూ అంతే. జపాన్ తనదైన పద్ధతిలో ఆ అక్షరాన్ని కుదించుకుంటే వచ్చిన రూపం, చైనీస్‌లో ఒక సువాసన మొక్క పేరు. చైనా అదే 'కళ'ను ఇంకో రకంగా కుదించుకుంది.

ఇన్ని చిక్కులకు తోడు, యూనికోడ్ ఈ మూడు భాషల హాన్ అక్షరాలనూ (చైనాలో పుట్టిన లిపి అక్షరాలు) ఒకే పట్టికలో ఉంచింది. మొదట్లో 20,902 ఉండేవి, ఇప్పుడు 90 వేలు దాటాయి. ఒక లేబుల్‌లో హాన్ అక్షరాలు మాత్రమే ఉంటే అది చైనీస్ పేరా, జపనీస్ పేరా అన్నది ఆ అక్షరాలను చూసి చెప్పలేం.

మరి దీన్ని ఎవరు, ఎలా తేల్చారు?

చైనా, తైవాన్, జపాన్, కొరియా సంస్థలు నాలుగూ, అంటే సీఎన్‌ఎన్‌ఐసీ, టీడబ్ల్యూఎన్‌ఐసీ, జేపీఎన్‌ఐసీ, కేఆర్‌ఎన్‌ఐసీ కలిసి జెట్ అనే ఉమ్మడి ఇంజినీరింగ్ బృందంగా ఏర్పడ్డాయి. వాళ్లు రాసిన మార్గదర్శకాలు 2004 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 3743గా వచ్చాయి. రాజకీయంగా ఒకరి మాట ఒకరు వినని ప్రభుత్వాల నీడలో పనిచేసే ఈ నాలుగు రిజిస్ట్రీలు ఒకే కాగితం మీద సంతకం చేయగలగడం ఇంటర్నెట్ చరిత్రలో తక్కువగా చెప్పుకున్న మంచి పని అని నా అభిప్రాయం.

వాళ్ల ఆలోచన ఇది. ప్రోటోకాల్ ఏదీ కలపదు. ప్రతి రిజిస్ట్రీ తన భాషకు ఒక పట్టిక పెట్టుకుంటుంది. అందులో మూడు నిలువు వరుసలు: మొదటిదానిలో రిజిస్టర్ చేయగల అక్షరం, రెండోదానిలో దానికి బదులుగా ఇష్టపడే రూపం, మూడోదానిలో దానితో పొరపాటు పడే అవకాశమున్న మిగిలిన రూపాలన్నీ. ఒక పేరు తీసుకుంటే, ఈ పట్టిక ప్రకారం దాని రూపాంతరాలన్నీ ఒకే ప్యాకేజీగా ఆ యజమానికే చెందుతాయి. ఆ ప్యాకేజీని ముక్కలు చేసి వేరేవాళ్లకు అమ్మడానికి వీల్లేదు.

ఇక్కడ లెక్క తొందరగా పెరుగుతుంది. నాలుగు అక్షరాల పేరులో ఒక్కోదానికి మూడేసి రూపాలుంటే మొత్తం 81 పేర్లు. అన్నిటినీ డీఎన్‌ఎస్‌లో పెట్టలేరు. అందుకే చైనీస్ పేర్లకు సంబంధించి 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4713 ప్రకారం మీరు అడిగిన రూపం, పూర్తి సరళ రూపం, పూర్తి సంప్రదాయ రూపం పనిచేస్తాయి. మిగిలినవి ఎవరికీ దక్కకుండా పక్కన ఉంటాయి.

జపాన్ తన పట్టికలో రూపాంతరాల వరుసను ఖాళీగా వదిలేసింది. ప్రతి అక్షరం తనంతట తనే. జపాన్‌లో ఇంటిపేర్లను పాత రూపంలో రాసుకునేవాళ్లు, కొత్త రూపంలో రాసుకునేవాళ్లు వేర్వేరు కుటుంబాలుగా ఉంటారు కాబట్టి ఆ నిర్ణయం అక్కడి జీవితానికి తగ్గట్టే ఉంది. కొరియా .కేఆర్ కింద హంగుల్‌నే అనుమతించి హాన్ అక్షరాల జోలికే పోలేదు.

మరి .కామ్ లాంటి అందరి పేర్ల కింద, రూట్‌లో ఏం చేస్తారు?

.కామ్‌లో పేరు రిజిస్టర్ చేసేటప్పుడు అది ఏ భాష పేరో ట్యాగ్ ఇవ్వాలి. రూట్‌లో మాత్రం ఎవరి పట్టిక వాళ్లదే అంటే కుదరదు, అది ఒక్కటే కాబట్టి. అందుకోసం మూడు భాషల నిపుణుల ప్యానెళ్లు ఏళ్ల తరబడి కూర్చుని ఒకరి రూపాంతరాలను ఇంకొకరు గుర్తించేలా నియమాలు రాసుకున్నారు. ఐకాన్ ప్రకటించిన రూట్ నియమాల్లో చైనీస్ 2020 నాటి నాలుగో వెర్షన్‌లో, జపనీస్, కొరియన్ 2022 నాటి ఐదో వెర్షన్‌లో చేరాయి.

సొంత లిపిలో దేశం పేరు ఎవరెవరికి ఉంది?

చైనాకు సరళ రూపంలో ఒకటి, సంప్రదాయ రూపంలో ఒకటి ఉన్నాయి. ప్యూనీకోడ్‌లో చూస్తే మొదటిది 'ఎఫ్‌ఐక్యూఎస్8ఎస్', రెండోది 'ఎఫ్‌ఐక్యూజెడ్9ఎస్'. కంటికి ఇంత దగ్గరగా ఉన్నా యంత్రానికి రెండూ పూర్తిగా వేర్వేరు. రెండూ ఒకేచోటికి వెళ్లేలా చూసుకోవడం రిజిస్ట్రీ బాధ్యత. తైవాన్‌కూ అలాగే రెండున్నాయి. హాంకాంగ్ పేరు రెండు పద్ధతుల్లోనూ ఒకేలా రాస్తారు కాబట్టి ఒక్కటి చాలు. దక్షిణ కొరియాకు 2011 నుంచి హంగుల్‌లో 'హన్‌గుక్' ఉంది. సింగపూర్‌కు చైనీస్‌తో పాటు తమిళంలో కూడా ఉంది.

జపాన్‌కు లేదు. .జేపీ కింద జపనీస్ పేర్లు 2001 నుంచే ఉన్నాయి, దానితోనే సరిపెట్టుకున్నారు.

ఇవి కాక 2013 నుంచి సాధారణ పేర్లు కూడా వచ్చాయి. కొత్త తరం టాప్ లెవెల్ పేర్లలో ఆ ఏడాది అక్టోబర్ 23న రూట్‌లో చేరిన మొదటి నాలుగింటిలో ఒకటి చైనీస్‌లో 'ఆట' అనే పేరు. జపనీస్‌లో 'అందరూ' అని అర్థమిచ్చే 'మిన్నా' గూగుల్ చేతిలో ఉంది.

కొరియన్ అయితే అక్షరాలు తక్కువ కదా, సులువే అనుకోవచ్చా?

చాలావరకు సులువే. హంగుల్‌లో మొదటి హల్లుకు 19, అచ్చుకు 21, చివరి హల్లు లేకపోవడంతో కలిపి 28 ఎంపికలు. గుణిస్తే 11,172 అక్షర గుచ్ఛాలు. అన్నిటికీ యూనికోడ్‌లో విడివిడిగా సంఖ్యలున్నాయి.

చిక్కు ఒకచోట ఉంది. ఒకే గుచ్ఛాన్ని ఒక సంఖ్యగా రాయొచ్చు, లేదా అందులోని హల్లు, అచ్చు, హల్లులను మూడు విడి సంఖ్యలుగా కూడా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మ్యాక్‌లో తయారైన కొరియన్ ఫైల్ పేర్లు విండోస్‌లో ముక్కలు ముక్కలుగా కనిపించడం కొరియాలో ఆఫీసులకు వెళ్లే అందరికీ తెలిసిన చిరాకు. దానికి కారణం ఇదే. డొమైన్ పేర్లలో ఆ సమస్య రాకుండా ముందే అన్నిటినీ కలిపిన రూపంలోకి, అంటే ఎన్‌ఎఫ్‌సీలోకి తీసుకురావాలని నియమం.

కొరియన్ హంజాలో, అంటే కొరియన్‌లో వాడే హాన్ అక్షరాల్లో, ఇంకో వింత ఉంది. కొరియా ప్రమాణంలో, ఒకే హాన్ అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలుంటే ఒక్కో ఉచ్చారణకు ఒక్కో కోడ్ ఇచ్చారు. అలా అదనంగా వచ్చినవి 268. యూనికోడ్ వాటిని ఉంచింది గానీ ఎన్‌ఎఫ్‌సీ చేయగానే అవి అసలు అక్షరంలో కలిసిపోతాయి.

జపనీస్‌లో ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

ఒకే పేరులో హిరగాన, కటకాన (ఈ రెండూ జపాన్ సొంత లిపులు), కంజి, ఇంగ్లీష్ నాలుగూ కలిసి ఉండటం అక్కడ మామూలే. 'ఒక పేరులో ఒకే లిపి' అనే భద్రతా నియమం జపనీస్‌కు పెడితే సగం పేర్లు చెల్లవు. .జేపీ కింద జపనీస్ లేబుల్ 15 అక్షరాలు మించకూడదు.

పోలికలు ఎక్కువ. కంజిలో 'నోరు' ఒక చదరం, కటకానలో 'రో' కూడా చదరమే. కంజిలో 'రెండు', కటకానలో 'ని' రెండూ రెండు అడ్డగీతలు. 'బలం', 'కా' కవలలు. 'హే' అయితే హిరగానలోనూ కటకానలోనూ దాదాపు ఒకటే. దీర్ఘానికి వాడే అడ్డగీత, కంజిలో 'ఒకటి' అనే అక్షరం, మన హైఫన్ మూడూ ఒకే పోలిక.

టైప్ చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే, జపనీస్ కీబోర్డ్ మోడ్‌లో చుక్క నొక్కితే చిన్న సున్నాలాంటి వాక్యాంత చుక్క పడుతుంది. ఇంగ్లీష్ అక్షరాలు వెడల్పు రూపంలో పడతాయి, పాత సిస్టమ్‌ల నుంచి వచ్చే కటకాన సన్న రూపంలో ఉంటుంది. బ్రౌజర్లు వీటన్నిటినీ మామూలు రూపానికి మార్చుకుంటాయి. మీరు రాసే ఫారమ్ కూడా మార్చుకోవాలి. పదాల మధ్య పెట్టే నడిమి చుక్కను ఈ పేర్లకు 2010లో వచ్చిన కొత్త ప్రమాణం ఒప్పుకుంటుంది, కానీ అదే లేబుల్‌లో కనీసం ఒక హిరగాన, కటకాన లేదా హాన్ అక్షరం ఉంటేనే.

ఇంత పోలిక ఉంటే మోసాలు జరగవా?

జరుగుతాయి. చుక్కకు ముందున్న పేరునే కాదు, చిరునామా మొత్తాన్ని ఆధారం చేసుకుని జరుగుతాయి. 2025 ఆగస్టులో బయటపడిన ఒక మోసం చూడండి. హోటల్ యజమానులకు బుకింగ్.కామ్ నుంచి వచ్చినట్టు మెయిల్ వచ్చింది. లింక్‌లో 'బుకింగ్.కామ్' తర్వాత హిరగాన 'న్' అక్షరం పెట్టారు. కొన్ని ఫాంట్లలో అది స్లాష్ పక్కన ఇంగ్లీష్ 'ఎన్' రాసినట్టు ఉంటుంది. దాంతో బుకింగ్.కామ్ సైట్‌లో లోపలి పేజీ అనిపిస్తుంది. నిజానికి ఆ 'స్లాష్' స్లాష్ కాదు కాబట్టి డొమైన్ అక్కడితో అయిపోలేదు. అసలు డొమైన్ ఇంకా కుడివైపున ఉంది, అది మోసగాళ్లది. ఏ లిపి అయినా సరే, 'హెచ్‌టీటీపీఎస్' పక్కన ఉండే రెండు స్లాష్‌లు పోగా మొదటి నిజమైన స్లాష్ నుంచి ఎడమకు చదవాలి.

బ్రౌజర్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. క్రోమ్ ఇంగ్లీష్‌తో పాటు కంజి, హిరగాన, కటకాన కలిస్తే ఒప్పుకుంటుంది. ఇంగ్లీష్, హాన్, హంగుల్ కలిస్తే ఒప్పుకుంటుంది. ఇంగ్లీష్, హాన్, తైవాన్‌లో ఉచ్చారణ రాయడానికి వాడే బోపోమోఫో కలిస్తే ఒప్పుకుంటుంది. వేరే కలయికలు అనుమానంగా ఉంటే అసలు లిపి చూపించకుండా ప్యూనీకోడ్ చూపిస్తుంది. స్లాష్‌లా కనిపించే కటకాన 'నో' లాంటివి చుట్టూ జపనీస్ అక్షరాలు లేకుండా కనిపిస్తే కూడా అంతే. అడ్రస్ బార్‌లో 'ఎక్స్‌ఎన్' కనబడితే అది వైరస్ కాదు, టెన్షన్ పడక్కర్లేదు. 'ఈ పేరు ఒకసారి చూసుకో' అని బ్రౌజర్ చెబుతోందని అర్థం.

నేను డెవలపర్‌ని. నా అప్లికేషన్‌లో ఏం మార్చాలి?

ముందుగా, డొమైన్‌ను తనిఖీ చేసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వెతకండి. చుక్క తర్వాత రెండు నుంచి ఆరు ఇంగ్లీష్ అక్షరాలే ఉండాలని రాసిన పాత కోడ్ ఇప్పటికీ ఎన్నో ఫారమ్‌లలో బతికే ఉంది. దానికి చైనా పేరు ప్యూనీకోడ్‌లో ఇచ్చినా చెల్లదు, ఎందుకంటే అందులో హైఫన్లు, అంకెలు ఉంటాయి. ఆ నియమాన్ని తీసేసి లైబ్రరీకి వదిలేయండి.

లైబ్రరీ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఈ పేర్లకు ఐడీఎన్‌ఏ అనే ప్రమాణాలు రెండున్నాయి: 2003 నాటిది, 2008 పేరుతో పిలిచే 2010 నాటిది. పైథాన్‌లో అంతర్గతంగా ఉన్న 'ఐడీఎన్‌ఏ' కోడెక్ పాతదాన్నే పాటిస్తుంది. కొత్తది కావాలంటే అదే పేరుతో విడిగా దొరికే ప్యాకేజీ వేసుకోవాలి. జావాలో ఉన్న ఐడీఎన్ క్లాస్ కూడా పాతదే. జావాస్క్రిప్ట్‌లో యూఆర్‌ఎల్ ఆబ్జెక్ట్‌కు పేరు ఇస్తే హోస్ట్ నేమ్ ప్యూనీకోడ్‌లో వెనక్కి వస్తుంది. మార్పిడి కోడ్ సొంతంగా రాయకండి.

డేటాబేస్‌లో ప్యూనీకోడ్ రూపాన్ని ప్రధానంగా పెట్టుకుని, పోల్చడం, వెతకడం దానితోనే చేయండి. చూపించడానికి మాత్రం అసలు లిపి వాడండి. అసలు లిపి కూడా దాచుకుంటే, మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8ఎంబీ4' తీసుకోండి. మామూలు 'యూటీఎఫ్8' అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. జపాన్‌లో 'యోషి' అనే ఇంటిపేరు అక్షరానికి పై గీత పొట్టిగా ఉండే రూపం ఒకటుంది. దానికి నాలుగు బైట్లు కావాలి. పాత కాలమ్‌లో అది పడదు, ఆ ఇంటిపేరున్న కస్టమర్‌కు ఎర్రర్ వస్తుంది.

టీఎల్‌ఎస్ సర్టిఫికెట్‌లో ఉండేది కూడా ప్యూనీకోడ్ రూపమే. సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2016 అక్టోబర్ నుంచి ఈ పేర్లకు సర్టిఫికెట్లు ఇస్తోంది, కాబట్టి ఖర్చు సాకు లేదు.

చిరునామాలో కనిపించే శాతం గుర్తుల గొలుసు, ప్యూనీకోడ్ ఒకటేనా?

కాదు. తెలుగు వికీపీడియా లింక్‌ను కాపీ చేస్తే శాతం గుర్తులు, అంకెలు బారెడు వస్తాయి చూడండి, అది స్లాష్ తర్వాత వచ్చే భాగానికి వాడే పద్ధతి. ప్యూనీకోడ్ డొమైన్ భాగానికే. చైనీస్ సైట్‌లో ఒకే చిరునామాలో రెండూ ఉండొచ్చు.

ఇమెయిల్ సంగతి?

'ఎట్' గుర్తుకు కుడివైపు ప్యూనీకోడ్‌తో నడిచిపోతుంది. ఎడమవైపు నడవదు. అక్కడి పేరును అర్థం చేసుకునే హక్కు అవతలి మెయిల్ సర్వర్‌కు మాత్రమే ఉంది. అందుకే యూటీఎఫ్-8ను నేరుగా మోసేలా మెయిల్ పంపే ప్రోటోకాల్ ఎస్‌ఎంటీపీనే విస్తరించారు. ఆ ప్రమాణాలు 2012 ఫిబ్రవరిలో వచ్చాయి, రాసినవాళ్లలో చైనా రిజిస్ట్రీ ఇంజినీర్లు ముందున్నారు. 2014లో జీమెయిల్ అలాంటి చిరునామాలకు పంపడం, వాటి నుంచి అందుకోవడం మొదలుపెట్టింది. 2015లో మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ కూడా 3.0 వెర్షన్‌తో వాటిని ఒప్పుకుంది. దారిలో ఉన్న ప్రతి సర్వర్ ఒప్పుకుంటేనే ఉత్తరం చేరుతుంది కాబట్టి, ఇప్పటికీ ఇదే బలహీనమైన లంకె.

నిజంగా ఎవరైనా వాడుతున్నారా?

ఆశించినంతగా కాదు, ఆ మాట దాచక్కర్లేదు. చైనాలో అంకెల పేర్లకు అలవాటు పడ్డారు: రైల్వే టికెట్ల సైట్ 12306, పాత మెయిల్ పోర్టల్ 163. జపాన్‌లో ప్రకటనల్లో చిరునామాకు బదులు 'ఈ మాట వెతకండి' అని సెర్చ్ బాక్స్ బొమ్మ వేస్తారు. కొరియాలో నేవర్ సెర్చ్ ఇంజిన్‌లో వెతకడమే అలవాటు. దానికి తోడు క్యూఆర్ కోడ్‌లు, యాప్‌లు వచ్చాక చిరునామా టైప్ చేసే పనే తగ్గింది.

అయినా ఇది వృథా ప్రయాస అనే వాదనతో నేను ఏకీభవించను. సియోల్‌లో ఒక చిన్న కిమ్చీ దుకాణం తన పేరును తన అక్షరాల్లో గోడ మీద రాసుకోగలిగి, ఇంటర్నెట్‌లో మాత్రం ఇంగ్లీష్‌లోకి మార్చుకోవాల్సి రావడం న్యాయం కాదు. ఎంతమంది వాడుతున్నారన్నది తర్వాతి లెక్క. వాడాలనుకున్నవాళ్లకు ఫారమ్ 'చెల్లదు' అని చెప్పకూడదు.

భారత్‌లో ఉంటూ అలాంటి పేరు కొనవచ్చా?

.కామ్ కింద అయితే కొనవచ్చు. .జేపీకి జపాన్‌లో చిరునామా, .కేఆర్‌కు కొరియాలో చిరునామా ఉండాలి. చైనా పేర్లకు గుర్తింపు పత్రాల తనిఖీ ఉంటుంది.

మన తెలుగు డొమైన్లకు దీనితో సంబంధం ఏమైనా ఉందా?

ఉంది, నేరుగా ఉంది. తెలుగులో '.భారత్' 2011లో ఏడు భారతీయ లిపుల బృందంలో రూట్‌లో చేరింది. అది నడిచేది ఇదే ప్యూనీకోడ్ మీద. 'ఏవి ఒకటే' అన్న ప్రశ్న మనకూ ఉంది, కాకపోతే మన పోలిక పక్కింటి కన్నడంతో. జ, బ, ల, సున్న లాంటివి చిన్న ఫాంట్‌లో తెలుగో కన్నడమో చెప్పలేం. 2019లో తెలుగు రూట్ నియమాలు రాసినప్పుడు ఈ జంటలను రూపాంతరాలుగా గుర్తించారు. చైనీస్ వాళ్లు వేసిన దారి లేకపోతే మనం ఆ పనిని మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది.

మనకు సొంతంగా ఒక సమస్య కూడా ఉంది. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలంటే ట్ తర్వాత కనిపించని ఒక విడదీసే గుర్తు కావాలి. లేకపోతే వ ఒత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. పాత ప్రమాణం ఆ గుర్తును ఊడబెరికేసేది. కొత్తది పొల్లు తర్వాత వస్తే ఒప్పుకుంటుంది. టాప్ లెవెల్ పేర్లలో మాత్రం ఇప్పటికీ చోటు లేదు.

నా సైట్ తట్టుకుంటుందో లేదో త్వరగా ఎలా పరీక్షించాలి?

సైన్అప్ ఫారమ్‌లో వెబ్‌సైట్ గడిలో నిహోంగో.జేపీని ఒకసారి కంజిలో, ఒకసారి ప్యూనీకోడ్‌లో, ఒకసారి జపనీస్ వాక్యాంత చుక్కతో ఇవ్వండి. మూడూ డేటాబేస్‌లో ఒకే రికార్డుగా రావాలి. హంగుల్ పేరు ఒకటి తీసుకుని కలిపిన రూపంలో, విడదీసిన రూపంలో ఇచ్చి రెండూ ఒకటే అవుతున్నాయో చూడండి. చైనా దేశం పేరుతో ముగిసే చిరునామాలు రెండు, సరళంలో ఒకటి, సంప్రదాయంలో ఒకటి ఇవ్వండి. అవి మాత్రం రెండు వేర్వేరు రికార్డులుగానే ఉండాలి. వాటిని కలపడం రిజిస్ట్రీ పని, మీ కోడ్ పని కాదు. చివరగా, ఆ గడిలోకి వచ్చిన పేరు మీరు పంపే కన్ఫర్మేషన్ మెయిల్‌లో, ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లో, అడ్మిన్ పేజీలో ఎలా కనిపిస్తోందో తెరిచి చూడండి. ఫారమ్ పాసై పీడీఎఫ్‌లో ఖాళీ చదరాలు పడటం చాలా తరచుగా జరుగుతుంది. దానికి కారణం ఫాంట్, డొమైన్ కోడ్ కాదు.